ఒక కీబోర్డు, మూడు సీపీయూలు

బల్ల కింద మూడు పాత సీపీయూలు. బల్ల మీద ఒకటే మానిటర్, వెనక బానపొట్టతో ఉన్న పాత గాజు తెర. ఒకటే కీబోర్డు. వాటి పక్కన, ఆ రెంటినీ మూడు సీపీయూలకూ పంచే స్విచ్, ఇనప డబ్బా ఒకటి. దాని ముఖాన నల్లటి నాబ్, చుట్టూ ఏ, బీ, సీ, డీ. నాబ్ ఏ మీద ఉంది. వంగి, ఏకి తగిలించిన 486 స్విచ్ నొక్కండి.

ఠక్కున పడుతుంది. ఆ రోజుల ఏటీ పెట్టెల్లో 230 వోల్టుల కరెంటు నేరుగా ముందున్న స్విచ్ దాకా వచ్చేది, దానికి తగ్గట్టే ఆ స్విచ్ బరువు. ఫ్యాన్ అందుకుంటుంది, తెర మీద మెమరీ లెక్క పరుగెడుతుంది, ఫ్లాపీ డ్రైవ్ గుర్రుమంటుంది. డాస్ వచ్చేసింది. డీఐఆర్ కొట్టి చూడండి, ఫైళ్లు బారులు తీరుతాయి.

ఇక నాబ్ బీ మీదికి, విండోస్ 98 నడుస్తున్న రెండో సీపీయూకి. మానిటర్ లోపల రిలే టిక్కుమంటుంది. డాస్ అక్షరాలు సెకనుకు 70 సార్లు గీసిన తెర విండోస్ 98కి వేరే లెక్కలో గీయాలి. ఆ సర్దుబాటుకు క్షణం చీకటి. ఈలోగా కీబోర్డు చూడండి: మూడు దీపాలూ ఒక్కసారి వెలిగి ఆరాయి. నాబ్ తిరిగినప్పుడు దానికి అందే 5 వోల్టులు తెగి మళ్లీ వచ్చాయి కదా, అదిప్పుడే పుట్టాననుకుంటోంది. నమ్ లాక్ దీపం ఆరిపోయింది, విండోస్ మాత్రం అది వెలుగుతోందనే నమ్ముతోంది. నంబర్ ప్యాడ్ నొక్కండి, అంకెలు పడుతూనే ఉంటాయి.

అసలు చిక్కు ఇప్పుడు. నాబ్ బీ మీదుండగానే 486ని రీసెట్ చేయండి. లేవగానే అది కీబోర్డు కోసం వెతుక్కుంటుంది. నాబ్ వెనక్కి తిప్పితే తెర మీద ఫిర్యాదు సిద్ధం: కీబోర్డు లేదు, ముందుకెళ్లాలంటే ఎఫ్1 నొక్కండి! లేని కీబోర్డు మీద ఎఫ్1 ఎలా నొక్కాలో ఆ మాట రాసినాయనే చెప్పాలి. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ స్విచ్‌ల గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఒక్కో కంప్యూటర్‌కూ లోపలున్న చిప్ కీబోర్డులా బదులిస్తూ, నేనిక్కడే ఉన్నానని అబద్ధమాడుతుంది. స్క్రోల్ లాక్ రెండుసార్లు కొడితే చాలా వాటిలో యంత్రం మారుతుంది. ఏ పనీ లేని ఆ మీటకు ఇన్నాళ్లకు ఉద్యోగం దొరికింది.

సీ మీద 1983 నాటి ఐబీఎం ఎక్స్‌టీ. దాని 8 బిట్ స్లాట్‌లో ఒదిగే వీజీఏ కార్డు ఉంది కాబట్టి బొమ్మకు ఢోకా లేదు. కీబోర్డు పిన్నులూ అవే ఐదు, గుండ్రటి సాకెట్ కూడా అదే. కానీ ఆన్ చేయగానే తెర మీద 301. అంటే కీబోర్డు సంగతి తేలలేదని. ఎక్స్‌టీ కీబోర్డు చెప్పడమే తప్ప వినదు. 1984లో వచ్చిన ఏటీ కీబోర్డు, ఇప్పుడు మన కీబోర్డు మాట్లాడే తీరు, చెబుతుంది, వింటుంది. సాకెట్ కలిసినా భాష కలవలేదు.

కరెంటు ఆపి కీబోర్డు బోర్లించండి. మూలన గోరంత జారుడు స్విచ్, ఒకవైపు ఎక్స్, మరోవైపు ఏ. ఎనభైల చివర్లో వచ్చిన కొన్నింటికి ఈ సౌకర్యం ఉంది. గోటితో ఎక్స్ వైపు నెట్టి ఎక్స్‌టీని మళ్లీ ఆన్ చేయండి. అక్షరాలు పడుతున్నాయి! అయితే 486కి వెళ్లాలంటే నాబూ తిప్పాలి, కీబోర్డూ బోర్లించాలి.

మౌస్‌ని మాత్రం ఈ డబ్బాలో కలపకండి. చక్రం మౌస్ కరెంటు తెగి వస్తే విండోస్ పెట్టిన అమరికలన్నీ మరిచిపోతుంది, బాణం గుర్తు మాట వినదు. బల్ల మీద చోటు చేసుకుని, ఏ సీపీయూ మౌస్ దానికే పెట్టేయండి.