మద్యం మానినవాళ్ళ ఇంటికి మొదటి కాగితం

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కోంటా బ్లాకులో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు కిష్టారం. పత్రికల్లో ఆ పేరు కనబడిందంటే అది మందుపాతర వార్తే అయివుంటుందన్న రోజులు చాలాకాలం నడిచాయి. 2018 మార్చి 13న ఆ ప్రాంతంలో వాహనం పేలి తొమ్మిదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. అటువంటి చోట తాగుడు మానినవాళ్ళు కలిసి ఉండే ఇంటి గురించి, దానికి గుర్తింపు తెచ్చుకోవడానికి సిద్ధం చేయాల్సిన పత్రాల గురించి మాట్లాడటం తొందరపాటని కొందరికి తోచవచ్చు. కానీ ఈ అడవుల్లో తాగుడు చరిత్రలో సగం కాగితాల చరిత్రే. నూట యాభై ఏళ్ళుగా ఇక్కడి కల్లుకు, సారాకు గుత్త పత్రాలున్నాయి, లైసెన్సులున్నాయి, జప్తు పంచనామాలున్నాయి, ఛార్జిషీట్లున్నాయి. వాటన్నిటిలోనూ తాగేవాడు కొనుగోలుదారుగానో ముద్దాయిగానో కనిపిస్తాడు. మానాలనుకున్న మనిషిగా మాత్రం కనిపించడు. ఆ మనిషి పేరున, అతని హక్కుల కోసం రాసే మొదటి కాగితాలు ఆ ఇంటి రిజిస్టర్లే. అందుకే వాటిని ఆఫీసు తంతుగా కొట్టిపారేయకూడదు.

ముందు కల్లు సంగతి చూద్దాం. గోదావరి, శబరి నదుల మధ్య కొండల్లో కోయలకూ దొర్లలకూ జీలుగు కల్లు, తాటికల్లు, ఇప్పసారా పండగలోనూ చావులోనూ పెళ్ళిలోనూ ఉండేవే. వాటిని సర్కారు ఆదాయంగా చూడటం మొదలయ్యాక గొడవలొచ్చాయి. రంప కొండల మన్సబుదారు (ఎస్టేటుదారు) కల్లుగీత మీద చిగురుపన్ను గుంజాడు. దాని మీద మద్రాసు ప్రభుత్వం కల్లు, సారాలను గుత్తకిచ్చే ఆబ్కారీ పద్ధతిని కొండలకూ తెచ్చింది. ఇంటి వాడకానికి కల్లు గీసుకునేవాడు కూడా గుత్తేదారుకు డబ్బు కట్టాల్సిన స్థితి వచ్చింది. 1879 మార్చిలో రంపలో తిరుగుబాటు లేవడానికి అది ముఖ్య కారణాల్లో ఒకటి. ఆ అలజడి రేకపల్లి మీదుగా భద్రాచలం తాలూకాకు, అటు మల్కన్‌గిరికి పాకింది. నాయకుడు తమ్మన్నదొర 1880లో చనిపోయాడు. ఇప్పటి సుక్మా అప్పట్లో భాగంగా ఉన్న బస్తర్ సంస్థానంలో 1910లో గుండాధుర్ పేరుతో ముడిపడ్డ భూమ్‌కాల్ తిరుగుబాటు లేచినప్పుడు రిజర్వు అడవులు, వెట్టిచాకిరీతో పాటు ఆబ్కారీ మార్పులు కూడా జనం ఫిర్యాదుల్లో ఉన్నాయి. మరో ఐదేళ్ళకు, 1915లో, సెంట్రల్ ప్రావిన్సెస్ ఎక్సైజు చట్టం వచ్చింది. సంస్థానం 1948 జనవరి 1న విలీనమైంది, రాష్ట్రాల పేర్లు మారాయి, ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. ఎక్సైజు చట్టం మాత్రం అదే 1915 నాటి అంకెతో ఇప్పటికీ నడుస్తోంది.

కోర్టు కాగితాల్లో తాగుబోతు ఎలా కనిపించాడో తెలుసుకోవాలంటే మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1943లో మరియా గోండుల హత్యల మీద వేసిన పుస్తకం చూడాలి. వంద కేసుల దస్త్రాలను పరిశీలించి రాసిన ఆ పుస్తకంలో మత్తు ఒక కారణంగా పదేపదే ఎదురవుతుంది. ఆ ఎల్వినే గిరిజనుల ఇంటి సారాను నిషేధించకూడదని గట్టిగా వాదించాడు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. పండగ నాటి తాగుడు వేరు, తెల్లారగానే చేతులు వణికే తాగుడు వేరు. 1975లో కేంద్రం ఆదివాసీ ప్రాంతాల ఎక్సైజు విధానంపై రాష్ట్రాలకు మార్గదర్శకాలిస్తూ వ్యాపార విక్రయాలు ఆపమంది, సొంత వాడకానికి కాచుకునే వీలు ఉంచమంది. ఆ మాటలో రెండో సగం నిలిచింది. మొదటి సగం నిలవలేదు. 2017 ఏప్రిల్ నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే సొంత కార్పొరేషన్ ద్వారా దుకాణాలు నడపసాగింది. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వేలో దేశం మొత్తం మీద మద్యం తాగేవాళ్ళు 14.6 శాతం ఉంటే, ఛత్తీస్‌గఢ్‌లో 35.6 శాతం తేలారు.

అయితే తాగుడు మానినవాళ్ళకు ఇళ్ళెందుకు, నిషేధం పెడితే చాలదా అనే వాదన తెలుగువాళ్ళకు కొత్తది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా తీసుకెళ్ళింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఆ ఉద్యమం గొప్పది, దాని మీద చిన్నమాట అనడం అన్యాయం. కానీ దుకాణం మూయించే జీవో వేరు, పదేళ్ళు తాగిన మనిషి ఆ రాత్రి నుంచి ఎలా బతకాలన్నది వేరు. అతిగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆ గండం ఆసుపత్రిలో దాటాక, నెలల తరబడి తోడుండే చోటు కావాలి. నిషేధం ఆ చోటును తయారుచేయదు.

ఆ చోటుకు చట్టం ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో వచ్చే స్థితులను అది మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది. బంధుమిత్రులతో ఉండే కుటుంబపు ఇల్లు తప్ప, అటువంటివాళ్ళను ఉంచుకుని సంరక్షణ, పునరావాసం చూసే ఏ సంస్థ అయినా రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే మొదటి తప్పుకు ఐదు వేల నుంచి యాభై వేల రూపాయల దాకా జరిమానా ఉంది. ఈ కఠినత్వం ఊరికే రాలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. గొలుసులు ఏ రూపంలోనూ వాడరాదని, గుండు బలవంతంగా గీయరాదని, తన చికిత్స దస్త్రాన్ని రోగి చూసుకోవచ్చని ఇప్పటి చట్టంలో రాసి ఉందంటే, అలా రాయాల్సిన అవసరం ముందే రుజువైంది. ఈ లెక్కన చూస్తే చేరిక రిజిస్టరు ఎందుకో అర్థమవుతుంది. ఎవరు ఏ తేదీన తన ఇష్టంతో వచ్చారో అందులో ఉంటే, బలవంతంగా పట్టుకొచ్చారా అని అడగడానికి ఆధారం దొరుకుతుంది. సమ్మతి పత్రం, మందుల పుస్తకం, వెళ్ళిపోయినవాళ్ళ పుస్తకం, ఫిర్యాదుల పుస్తకం, ఖర్చుల లెక్క, దగ్గరి ఆసుపత్రితో రాతపూర్వక ఒప్పందం కూడా ఇలాంటివే. ఇన్‌స్పెక్టరు కన్నా ముందు అవి అక్కడ ఉండేవాడికి అక్కరకొస్తాయి.

రోడ్డే సరిగా లేని చోట ఇన్ని కాగితాలంటే చిన్న ఇల్లు పుట్టకముందే చచ్చిపోదా? ఈ అభ్యంతరంలో నిజముంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. కానీ కాగితం బరువు దాన్ని ఎవరు రాస్తారన్న దాని మీద ఆధారపడుతుంది. అమెరికాలో మేరీల్యాండ్‌లో 1975లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ హౌస్ ఇళ్ళలో పై నుంచి వచ్చిన మేనేజరు ఉండడు. ఇల్లు ఓటుతో నడవాలి, ఖర్చు తామే భరించాలి, మళ్ళీ తాగినవాడు వెళ్ళిపోవాలి. ఈ నియమాలు ఒప్పుకున్న ఇంటికే గుర్తింపు పత్రం ఇస్తారు. అంటే అక్కడి దస్త్రంలో ముఖ్యభాగం ఇంటివాళ్ళు రాసుకున్న సమావేశాల పుస్తకమే. మన వైపు చూస్తే, శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో స్థాపించిన, తాగుడు మాన్పించే టీటీకే సంస్థ మంజక్కుడి అనే పల్లెలో శిబిరాలు పెట్టి, ఊరి పెద్దలను, కుటుంబాలను చికిత్సలో భాగం చేసింది. పల్లెలో ఈ పని కుదరదనే మాటకు అది జవాబు.

కిష్టారం వైపు ఆ రాసే చేతులు గ్రామసభవి కావాలి. షెడ్యూల్డు ప్రాంతాల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే లేదా అదుపు చేసే అధికారాన్ని గ్రామసభకూ ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్ తన పెసా నియమాలను 2022లో ప్రకటించింది. ఇంతకాలం ఆ అధికారం గురించి దుకాణం మూయించే మాటగానే చెప్పుకున్నాం. తాగుడు మానినవాళ్ళ ఇంటికి జాగా చూపడం, దాని కాపలా పంచుకోవడం కూడా అందులో భాగమేనని నా వాదన. గిరిజనుల భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా భూ రెవెన్యూ చట్టం అడ్డుపడుతుంది కాబట్టి, గ్రామసభ ముందుకొస్తే స్థలం చిక్కు కూడా సగం తీరుతుంది. జీలుగు కల్లు పండగ ఆచారాన్ని ఎవరూ ముట్టుకోవాల్సిన పనిలేదు. పండగకు తాగనివాడిని వెలివేసినట్టు చూడబోమని సభ తీర్మానం చేస్తే చాలు, మానినవాడికి అంతకు మించిన రక్షణ లేదు. ఇక సమ్మతి పత్రం సంగతి. అది హిందీలో అచ్చయి వచ్చినా, కోయభాషలో చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి. చదివినవాడి పేరు, విన్న సాక్షి పేరు కింద రాయాలి. గుత్త పత్రాల మీద ఈ కొండవాళ్ళు తమకు తెలియని భాషలో ఎన్నో వేలిముద్రలు వేశారు.

దరఖాస్తు కట్టలో భవనం కొలతలు, మంచాల లెక్క, సిబ్బంది అర్హతలు ఎలాగూ ఉంటాయి. వాటన్నిటికన్నా పైన గ్రామసభ తీర్మానం ఉండాలి. అది లేని కట్టను జిల్లా అధికారులు వెనక్కి పంపాలి, ఉన్న కట్టను నెలల తరబడి బల్ల మీద ఉంచుకోకూడదు.