బయానా: భూమి కొనుగోలులో తొలి సొమ్ము

భూమి గాని, ఇల్లు గాని కొనేటప్పుడు బేరం కుదిరినదనుటకు గుర్తుగా కొనుగోలుదారు ముందుగా చెల్లించే సొమ్మును బయానా అంటారు. సంచకారమనేది దీనికి పాత మాట. ఇదే సొమ్మును కన్నడంలో ముంగడ అనీ, తమిళంలో మున్‌పణం అనీ, మరాఠీలో ఇసార్ అనీ, ఒడియాలో బైనా అనీ వ్యవహరిస్తారు. పేరేదైనా దానికి బలం చేకూర్చేది వ్రాతపూర్వకమైన ఒప్పందమే.

హక్కు: బయానా ఇచ్చినంత మాత్రాన భూమి సొంతం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం విక్రయ ఒప్పందం ఆస్తిపై హక్కు కల్పించదు. అయితే తప్పు కొనుగోలుదారుది కానప్పుడు, అతడు చెల్లించిన సొమ్ముకు 55వ సెక్షను ఆ ఆస్తినే పూచీగా నిలుపుతుంది.

మాట తప్పితే: బయానా ఒప్పంద పాలనకు హామీ, ధరలో భాగంగా ఇచ్చే అడ్వాన్సు వేరు. కొనుగోలుదారు వెనుదీస్తే విక్రేత బయానాను ఉంచుకోవచ్చును. ఫతేచంద్ కేసులో 1963లో సుప్రీంకోర్టు బయానాగా ఇచ్చిన రూ.1,000 వరకే విక్రేతకు దక్కనిచ్చింది. నష్టం రుజువు కానందున, ధరలో భాగంగా చెల్లించిన రూ.24,000 జప్తును అంగీకరించలేదు. కనుక ఏది బయానా, ఏది అడ్వాన్సు అన్నది ఒప్పందంలో విడివిడిగా వ్రాయించుకోవాలి.

చూడవలసిన పత్రాలు: కర్ణాటకలో పహణి, తమిళనాట పట్టా, మహారాష్ట్రలో సాత్‌బారా, ఒడిశాలో ఆర్.ఓ.ఆర్. పరిశీలించాలి. అప్పులు, తాకట్లు తెలుసుకొనుటకు ఈసీ తీయించాలి. కొలతలలోనూ భేదమున్నది. ఎకరానికి గుంటలు 40. సెంట్లయినా, ఒడిశాలోని డెసిమళ్లయినా 100. కోరాపుట్, రాయగడ వంటి షెడ్యూలు ప్రాంతాలలో ఆదివాసుల భూమిని గిరిజనేతరులు కొనడం చెల్లదు.

చెల్లింపు: స్థిరాస్తి అడ్వాన్సుగా రూ.20,000 గాని, అంతకు మించి గాని నగదుగా తీసుకోరాదన్న నిబంధన 2015 జూన్ 1న అమలులోకి వచ్చింది. ఇరువురికీ వ్యవసాయాదాయం ఉండి, పన్ను విధింపదగిన ఆదాయం లేనప్పుడు మినహాయింపు ఉన్నది. అయినా బ్యాంకు ద్వారా చెల్లిస్తే రుజువు నిలుస్తుంది. తమిళనాట 2012 డిసెంబరు 1 నుంచి విక్రయ ఒప్పందాల రిజిస్ట్రేషను తప్పనిసరి.

గడువు: విక్రేత రిజిస్ట్రేషనుకు నిరాకరిస్తే, ఒప్పందంలోని గడువు తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. గడువు వ్రాసుకోకపోతే, నిరాకరణ తెలిసిన నాటి నుంచి లెక్క. భూమి దక్కని పక్షంలో బయానా తిరిగి ఇప్పించమని అదే దావాలో కోరాలి. కోరనిదే కోర్టు ఇప్పించదు.