ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (హైదరాబాద్)

కట్టిన ఇల్లు మంజూరైన ప్లాను ప్రకారమే ఉందని, అందులో కాపురం ఉండవచ్చని పురపాలక సంస్థ ఇచ్చే ధ్రువపత్రం. వాడుకలో ‘ఓసీ’ అంటారు. దీనికి ఆధారం 2012 ఏప్రిల్‌లో 168వ నంబరు జీవోగా వెలువడిన భవన నిర్మాణ నియమావళి. తెలంగాణలో 2020 నుంచి అనుమతుల వ్యవహారం టీఎస్-బీపాస్ చట్టం కిందికి వచ్చింది.

పని పూర్తయ్యాక యజమాని దరఖాస్తు చేస్తే టౌన్ ప్లానింగ్ సిబ్బంది వచ్చి చూస్తారు. టేపు పట్టి సెట్‌బ్యాక్‌లు కొలుస్తారు, అంతస్తులు లెక్కిస్తారు, ఇంకుడుగుంత ఉందో లేదో చూస్తారు. స్టిల్టులో కార్లకు చూపిన చోట గోడలు లేచి గదులయ్యాయంటే చిక్కే. 18 మీటర్లు, ఆపై ఎత్తున్న నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రమూ కావాలి.

నిబంధనల్లో నిజంగా పదునున్నది తనఖా షరతు. చిన్న ఇళ్లను మినహాయించి, బిల్డరు సాధారణంగా నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని ముందే తనఖా పెట్టాలి; ఓసీ వచ్చాకే విడుదల. అయినా ఓసీ లేని ఫ్లాట్లలో గృహప్రవేశాలు జరుగుతూనే ఉన్నాయి, ఆ భారం చివరికి కొన్నవారి మీదే పడుతోంది. ఈ పత్రం చూపాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించింది.