పొత్తు విడిన తరువాత: షరీకుల వ్యాజ్యాలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి చిరకాలం నిజామాబాదు జిల్లాలోని రెండు తాలూకాలు. 2016 అక్టోబరు 11 నుండి రెండూ కామారెడ్డి జిల్లాలో చేరినవి. కామారెడ్డి సికింద్రాబాదు-మన్మాడు రైలుమార్గం మీది ఊరు; బెల్లం వర్తకానికి పేరు పొందినది. ఎల్లారెడ్డికి రైలు లేదు. దానికి చేరువలో మంజీర నదిపై నిజాంసాగరు నిర్మాణం 1931లో పూర్తయినది. ఇటువంటి ఊళ్ళలో ధాన్యం మరగాని, బెల్లం కొట్టుగాని ఒక్కరి పెట్టుబడితో నడపడం కష్టం. ఒకరు స్థలం, ఒకరు సొమ్ము, మరొకరు తన శ్రమ తెచ్చి పొత్తు కలుపుతారు. కలిసేనాడు మాట చాలుననుకొంటారు. విడిపోయేనాడు కాగితం వెదుకుతారు.

షరీకుల తగాదా కొత్తది కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని సాద్ సూరాలో హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) ముందుకు ఇద్దరు వాదులు వచ్చిన వృత్తాంతమున్నది. పొత్తుదారులలో చాలామంది ఒకరికొకరు అన్యాయం చేస్తారన్న ప్రస్తావన అక్కడే వస్తుంది. దైవప్రవక్త (స) ఒకప్పటి వ్యాపార భాగస్వామి హజ్రత్ సాయిబ్ తరువాతి కాలంలో ఆ రోజులను తలచుకొన్నప్పుడు, లాభాన్ని గురించి కాక, తమ మధ్య జగడం లేకపోవడాన్ని గురించే చెప్పినారు.

హనఫీ న్యాయవేత్తలు పొత్తును రెండుగా విడదీసినారు. వారసత్వం వల్లనో, కలిసి కొన్నందువల్లనో ఒక వస్తువు ఇద్దరిదైతే అది షిర్కతె మిల్క్. లాభం కోసం ఒడంబడికతో కలిస్తే షిర్కతె అక్ద్. 1197లో మరణించిన మర్గీనానీ తన ‘హిదాయా’లో ఈ భేదాన్ని వివరించినాడు. కోర్టుకెక్కే తగాదాలలో సగం ఈ భేదం మరచినందువల్లనే పుడతాయనడం అతిశయోక్తి కాదు. మర గోడలు, యంత్రం చూపి ‘ఇందులో సగం నాది’ అంటాడు విడిపోయిన షరీకు. చట్టం మాత్రం ముందు లెక్క తేల్చమంటుంది.

ఇందుకు మంచి తార్కాణం అనంతపురం జిల్లా నుండి వచ్చిన అద్దంకి నారాయణప్ప – భాస్కర కృష్ణప్ప వ్యాజ్యం. రెండు కుటుంబాలు చెరి సగం వాటాతో వడ్లు దంచే, వేరుసెనగ ఒలిచే వ్యాపారం నడిపినవి. ధర్మవరం, పామిడిలలోని భూములు, కర్మాగారాలు పొత్తు ఆస్తిలో భాగం. ఒక పక్షం పొత్తు రద్దుకు, లెక్కలకు దావా వేసింది. పొత్తు ఎన్నడో రద్దయినదనీ, కరారు కూడా వ్రాసుకొన్నామనీ రెండవ పక్షం వాదం. ఆ కరారు రిజిస్టరు కాలేదు. భూమి కూడా ఉన్నది గనుక అది చెల్లదా? భాగస్వామికి ఉన్నది ఫలానా గోడలో, ఫలానా గజంలో హక్కు కాదు, లెక్క తేలిన తరువాత మిగిలేదానిలో వాటా మాత్రమే. అది చరాస్తి గనుక రిజిస్ట్రేషను అక్కరలేదని 1966లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

నిజాం పాలనలో న్యాయస్థానాల భాష ఉర్దూ. 1951 ఏప్రిల్‌లో భారత భాగస్వామ్య చట్టం (1932) హైదరాబాదు రాష్ట్రానికి విస్తరించింది. షరీకు మరణిస్తే పొత్తు రద్దవుతుందనడంలో హనఫీ ఫిఖహ్, ఈ చట్టం ఏకమే, అయితే చట్టం వేరు ఒడంబడికకు చోటిచ్చింది. నష్టం దగ్గర దారులు చీలినవి. ఫిఖహ్‌లో నష్టం పెట్టుబడిని బట్టి పడుతుంది. ముదారబాలో సొమ్ము ఒకరిది, శ్రమ ఒకరిది అయితే శ్రామికుడు పోగొట్టుకొనేది తన శ్రమే. చట్టమో, ఒడంబడిక లేనిచోట నష్టాన్ని సమానంగా పంచుతుంది. పైసా పెట్టని పనిమంతుడు, ముదారబా అనుకొని కలిసినవాడు, ఆ సంగతి రుజువు చేయలేకపోతే సగం అప్పు నెత్తిన వేసుకోవలసి రావచ్చు. అప్పులను వ్రాసిపెట్టుకొమ్మని బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశించినా, దోస్తీలో వ్రాత ఎందుకని ఊరుకొనేవారే ఎక్కువ.

మరణించిన షరీకు వారసుల స్థితి ఇంకా క్లిష్టం. ఫరాయిజ్ ప్రకారం భార్యకు, బిడ్డలకు వాటాలు స్పష్టమే, కాని అవి మర ఇటుకలపై కాదు, తేలిన లెక్కపై. ఇద్దత్ గడిచి, పిల్లలు ఎదిగి, పెద్దమనుషుల మాటలతో ఏండ్లు దొర్లిపోతాయి. పొత్తు రద్దయిన నాటి నుండి మూడేండ్లలోపు లెక్కలకు దావా వేయాలని 1963 నాటి కాలపరిమితి చట్టం చెబుతున్నది. సంస్థ రిజిస్టరు కాకపోయినా రద్దయిన పొత్తు లెక్కలు అడిగే హక్కు మాత్రం 69వ సెక్షను మిగిల్చింది.

దావా నెగ్గినా మొదట వచ్చేది ప్రాథమిక డిక్రీయే. తరువాత కమీషనరు చిట్టా, ఆవర్జాలు ముందు వేసుకొని కూర్చుంటాడు. బయటివారి అప్పులు తీరాలి, షరీకులు పెట్టుబడికి మించి ఇచ్చిన సొమ్ము తీరాలి, పెట్టుబడులు తిరిగి రావాలి. మిగిలితేనే లాభం వాటాలుగా పంపకం. చిట్టా దొరకని చోట కమీషనరు విచారణే ఏండ్ల తరబడి సాగుతుంది.