పెంపుడు కుందేళ్ల ఆహారం

పెంపుడు కుందేళ్లన్నీ ఐబీరియా ద్వీపకల్పంలో పుట్టిన ఐరోపా అడవి కుందేలు సంతతే. కిలో బరువుండే నెదర్లాండ్ డ్వార్ఫ్‌కూ, ఆరు కిలోలు దాటే ఫ్లెమిష్ జెయింట్‌కూ గడ్డి మేసి బతికే ఆ పూర్వికుల జీర్ణవ్యవస్థే ఉంది. అందువల్ల ఏ కుందేలుకైనా ఆహారానికి పునాది పీచు. వయసును బట్టి మాంసకృత్తుల, కాల్షియం అవసరం మారుతుంది. శరీర బరువును బట్టి దాణా కొలత మారుతుంది.

చరిత్ర

రోమన్లు గోడలు కట్టిన ఆవరణల్లో కుందేళ్లను మాంసం కోసం పెంచారు. క్రీ.పూ. 37 నాటి తన వ్యవసాయ గ్రంథంలో వర్రో ఈ ఆవరణలను వర్ణించాడు. మధ్యయుగ ఐరోపాలోనూ బొరియలు తవ్వుకునే స్థలాలను కేటాయించి పెంచడం సాగింది. అక్కడ అవి తమంతట తామే గడ్డి మేసేవి. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో ప్రదర్శనల కోసం, ముచ్చట కోసం బోనుల్లో పెంచడం పెరిగాక మేత యజమాని చేతికి వచ్చింది. ఓట్లు, గోధుమ తవుడు, వంటింటి కూరగాయల తొక్కలు వాడుకలోకి వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అక్కడి ప్రభుత్వం ఇళ్లలో మాంసానికి కుందేళ్లు పెంచడాన్ని ప్రోత్సహించి, కుందేళ్ల పెంపకందారుల సంఘాల సభ్యులకు తవుడు రేషన్ ఇచ్చింది.

20వ శతాబ్దంలో గుళికల దాణా వ్యాపించింది. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1977లో ప్రచురించిన పోషక ప్రమాణాలు ఎదిగే కుందేళ్లకు 16 శాతం మాంసకృత్తులు, 10-12 శాతం ముడిపీచు సూచించాయి. శరీర నిర్వహణకు మాత్రమే మేత అవసరమైన పెద్దవాటికి 12 శాతం మాంసకృత్తులు, 14 శాతం పీచు చాలన్నాయి. ఈ లెక్కలు ప్రధానంగా ఉత్పత్తి కోసం పెంచే కుందేళ్లవి. ఇంట్లో ఎనిమిది, పదేళ్లు బతికే కుందేలుకు ఆ దాణానే అపరిమితంగా పెడితే కొవ్వు పట్టి, పళ్లు పాడవుతాయి. 2010ల్లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం చేసిన పరిశోధన గింజలు, రేకులు కలిపిన మ్యూస్లీ దాణా హానికరమని చూపింది. కుందేళ్లు అందులో రుచైనవి ఏరుకుని తిని పీచును వదిలేస్తాయి. ఈనాటి పశువైద్యులు ఎండుగడ్డికే మొదటి స్థానం ఇస్తున్నారు.

జీర్ణక్రియ

కుందేలుకు 28 పళ్లు. అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముతక గడ్డిని గంటల తరబడి నమిలితేనే అవి అరుగుతాయి. జీర్ణం కాని పీచు పేగుల కదలికను నిలబెడుతుంది. మిగతా భాగం అంధనాళంలో పులిసి మెత్తటి పెంటికలుగా బయటికి వస్తుంది. కుందేలు వాటిని మళ్లీ తిని బి విటమిన్లనూ మాంసకృత్తులనూ రాబట్టుకుంటుంది. ఈ అలవాటును 1882లో ఫ్రెంచి పశువైద్యుడు మోరో వివరించాడు. పిండిపదార్థం ఎక్కువైతే అంధనాళంలో హానికర సూక్ష్మజీవులు పెరిగి, ప్రాణం మీదికి రావచ్చు.

వయసును బట్టి

తల్లి రోజుకు సాధారణంగా ఒకసారి, కొద్ది నిమిషాలే పాలిస్తుంది. మూడో వారానికి పిల్లలు గడ్డి కొరకడం మొదలుపెడతాయి. పాలు మాన్పడం ఎనిమిది వారాల వరకూ సాగితే మంచిది. ఈ మార్పు సమయంలో కడుపులో ఆమ్లం పెరుగుతూ, సూక్ష్మజీవులు స్థిరపడుతూ ఉంటాయి కనుక విరేచనాల ముప్పు ఎక్కువ.

ఆరేడు నెలల వరకూ ఎముకలు, కండలు పెరుగుతాయి. అప్పుడు లూసర్న్ ఎండుగడ్డి, గుళికల దాణా ధారాళంగా పెట్టవచ్చు. తరువాత లూసర్న్ తగ్గించి గడ్డిజాతుల ఎండుగడ్డికి మార్చాలి. కుందేలు ఆహారంలోని కాల్షియాన్ని ఎక్కువగా గ్రహించి, మిగులును మూత్రంలో వదులుతుంది. అందుకే పెద్దవాటికి కాల్షియం ఎక్కువగా ఉండే లూసర్న్ అతిగా పెడితే మూత్రాశయంలో మడ్డి, రాళ్లు ఏర్పడే అవకాశం ఉంది. చూలు కుందేలుకూ, పాలిచ్చే తల్లికీ పోషకాలు ఎక్కువ కావాలి. ముసలి కుందేలు చిక్కిపోతుంటే దాణా కొంత పెంచుతారు. మేత ఏదైనా వారం, పది రోజుల్లో మెల్లగా మార్చాలి.

పరిమాణాన్ని బట్టి

ఎదిగిన కుందేలుకు ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. దాణాకు మాత్రం బరువే కొలత. రోజుకు కిలో బరువుకు 25 గ్రాములు మించకుండా ఇవ్వాలని తరచుగా సూచిస్తారు. నాలుగు కిలోల న్యూజిలాండ్ వైట్‌కు అది 100 గ్రాములు, కిలో డ్వార్ఫ్‌కు 25 గ్రాములు. దాణాలో పీచు 18 శాతానికి తగ్గకూడదు. పెద్ద జాతులు ఎదగడానికి ఎక్కువ నెలలు పడుతుంది కనుక వాటికి ఎదుగుదల మేతను ఇంకొంత కాలం కొనసాగిస్తారు. నీళ్లు రోజుకు కిలో బరువుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల వరకూ తాగుతాయి.

తెలుగు ప్రాంతాల్లో

చలి ప్రాంతాల తిమోతి గడ్డి ఇక్కడ పండదు. దానికి బదులు నీడన ఆరబెట్టిన గరిక, నేపియర్ వంటి గడ్డిజాతులు ఎదిగినవాటికి సరిపోతాయి. పిల్లలకు లూసర్న్, అలసంద మేత కొంత కలపవచ్చు. వరిగడ్డిలో పోషకాలు తక్కువ. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, అది ఎక్కువైతే బొచ్చు రాలుతుంది. క్యారెట్ దుంప, పండ్లు చక్కెర వల్ల ముక్కకు మించకూడదు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ అసలు పెట్టకూడదు. ఎండాకాలంలో కుందేళ్లు మేత తగ్గిస్తాయి కనుక చల్లటి నీళ్లు, శుభ్రంగా కడిగిన పచ్చి ఆకులు అందించాలి. సగం రోజు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా ఉన్న కుందేలును వెంటనే పశువైద్యుడికి చూపించాలి.