కడలి తాబేటి కథ



మన కాట్రేనికోనకు దిగువను, చిర్రయానాము మున్నగు పల్లెల ముందు, బంగాళాఖాతపు టిసుకతీరము కలదు. ఏటేట పుష్యమాఘములు వచ్చునప్పటికి అచ్చటికి తల్లితాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకై వచ్చుచుండును. వీనిని శాస్త్రజ్ఞులు ఆలివ్ రిడ్లీ తాబేళ్లందురు. విష్ణువు కూర్మరూపమెత్తి మందరగిరిని మోసెనని మనము విన్నవారమే. శ్రీకూర్మమున ఆ రూపమునే సేవించుచున్నాము. మత్స్యకారులలో ననేకులు వలలో తాబేలు పడినచో మ్రొక్కి నీట విడిచెదరు. ఇంత భక్తి యుండియు, ఆ ఋతువుననే తాబేళ్ల కళేబరము లొడ్డునకు కొట్టుకొనివచ్చుట యేల?

నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున, ఒక మాఘమాసపు టుదయమున బాలురను తీరమునకు గొనిపోతిని. కొలది దూరము నడచునంతలో కళేబరములు పదునొకండు కనబడినవి. వాని మేనులపై గాయము లేదు. “వీనిని ఎవరు చంపిరి మాస్టారూ?” అని యొక బాలు డడిగెను. నాకు సమాధానము తోచలేదు. దాని కొరకు వెదకగా తెలిసిన చరిత్రయే నేటి నా ప్రసంగము.

ఈ తాబేలు రమారమి రెండడుగుల పొడవు గలది. రాత్రివేళ ఒడ్డునకెక్కి, వెనుకకాళ్లతో కుండవంటి గుంట త్రవ్వి, నూరు నూటయిరువది గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మరల వెనుదిరిగి చూడక కడలికేగును. వానిని పొదుగునది ఇసుక వేడిమియే. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. వేడిమి హెచ్చినచో ఆడుపిల్లలును, తగ్గినచో మగపిల్లలును అధికముగ పుట్టుట సృష్టిలోని యొక వింత. పిల్లలు చీకటిలో పైకి వచ్చి, వెలుగుగల దెసకు ప్రాకును. దీపములు లేని తీరమున సముద్రమే వెలుగు; ఒడ్డున విద్యుద్దీపములున్నచో అవి దారి తప్పి నశించును. కుక్కలు, నక్కలు, కాకులు తిన్నవి పోగా, పెరిగి పెద్దదగునది వేయింటికొక్కటి యని చెప్పుదురు. అది గ్రుడ్లు పెట్టు ఈడునకు వచ్చుటకు పదియేండ్లకు మించియు పట్టవచ్చును. కావున ఒక తల్లి చచ్చినచో పోయినది ఒక ప్రాణము మాత్రమే కాదు.

ఇక చరిత్ర. 1972లో భారత ప్రభుత్వము వన్యప్రాణి సంరక్షణ చట్టము చేసెను. ఈ తాబేలు అందలి మొదటి పట్టికలో చేరినది. దానిని చంపుటయు, గ్రుడ్లు తీయుటయు నేరము. 1974లో ఒడిశాలోని గహిర్‌మథా తీరమున వేలకొలది తాబేళ్లు ఒక్కమారుగ గ్రుడ్లు పెట్టుట శాస్త్రలోకమునకు తెలియవచ్చెను. అంతకు ముందచ్చట గ్రుడ్లను పడవలకెత్తి అమ్ముచుండిరి. చట్టము వచ్చిన పిదప ఆ వ్యాపార మణగినది. మన గోదావరి ముఖమునను 1978లో కోరింగ అభయారణ్య మేర్పడెను.

ఐనను చావులు తగ్గలేదు. ఏలయనగా, 1960 తరువాతి దశాబ్దములలో కాకినాడ మున్నగు రేవులనుండి మరబోట్లు రొయ్యలకై సముద్రపు టడుగున వలల నీడ్వసాగినవి. తాబేలు చేప కాదు. మనవలెనే ఊపిరితిత్తులతో గాలి పీల్చు జంతువు. గంటలతరబడి యీడ్చు వలలో చిక్కినచో పైకి రాలేక, ఊపిరాడక చచ్చును. మేన గాయము లేకుండుటకు కారణమిదియే. ఆ బోటువాడు దానిని చంపనెంచినవాడు కాడు. కాని చంపనెంచకుండుట వేరు, కాపాడుట వేరు.

దీనికి విరుగుడు కనుగొన్నవాడు పండితుడు కాడు, జాలరియే. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున సింకీ బూన్ అను రొయ్యలవేటగాడు, వలలో పడు జెల్లీచేపల బాధ తొలగించుకొనుటకై వల గొంతున ఇనుపకమ్ముల చట్ర మమర్చి, దాని చెంత నొక వాకిలి విడిచెను. రొయ్యలు కమ్ముల సందున లోనికి పోవును. పెద్ద జంతువు చట్రమునకు తగిలి వాకిట బయటపడును. తాబేళ్ల రక్షణకు అదియే యాధారమైనది. వాకిలి లేని వలలతో పట్టిన రొయ్యలను కొనమని అమెరికా 1989లో శాసనము చేసి, 1996లో మన దేశమునకును వర్తింపజేసెను. మనమును, మలేషియా, థాయిలాండు, పాకిస్తానులును ప్రపంచ వాణిజ్య సంస్థలో వాదించితిమి. ఉద్దేశము తగినదే గాని అమలుపరచిన తీరు పక్షపాతమని 1998లో తీర్పు వచ్చెను. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు మన బోట్లకు తగిన చట్రమును రూపొందించిరి.

వాకిట పెద్దచేపలును పోవునని బోటువారి మొర. అది కొట్టివేయదగినది కాదు. ఆ నష్టమును పేదవానిపైననే మోపుట న్యాయము కాదు. ఏప్రిల్ 15 మొదలు 61 దినములు వేట నిషేధమున్నది గదా యని కొందరందురు. ఆ నాటికి తల్లులలో పెక్కింటి రాకపోకలు ముగియును. కాబట్టి నిషేధము వాకిలికి బదులు కాజాలదు.

గ్రామపెద్దలారా! వల కట్టుబాట్లు మీ మాటపై నిలిచినవి. పుష్యము మొదలు ఫాల్గుణము వరకు వలకు వాకిలి యుండవలెననియు, ఆ రాత్రులందు తీరమున దీపములార్పవలెననియు, కుక్కలను గ్రుడ్ల గుంటల దరికి రానీయరాదనియు మీరు పలికినచో, ఆ మాట చట్టముకంటె ముందు పల్లెకు చేరును. చేతికందిన తాబేటిని మ్రొక్కి విడుచుట మన సంప్రదాయము. నీటి యడుగున మన చేయి యందదు. అచ్చట వాకిలియే మన చేయి.

నా నాటి బాలుడు నేడు పెద్దవాడై యుండును. ఈ ప్రసంగ మాతని చెవిని పడినచో, ఆలసించి చెప్పిన సమాధానముగ గ్రహించునుగాక.

స్వస్తి.