దేవరగట్టు బన్ని ఉత్సవం: పోలీసు నిఘా, అత్యవసర స్పందన

కర్నూలు జిల్లా ఆలూరు నియోజకవర్గంలోని హొళగుంద మండలంలో దేవరగట్టు కొండపై మాళమల్లేశ్వర స్వామి ఆలయం ఉంది. ఏటా విజయదశమి రాత్రి స్వామి కల్యాణం ముగిశాక, ఉత్సవ విగ్రహాల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాసులు ఒకవైపు, చుట్టుపక్కల పల్లెల వారు మరోవైపు కర్రలతో తలపడతారు. దీన్నే బన్ని, కర్రల సమరం అంటారు. ఇనుప రింగులు తొడిగిన కర్రలు, కాగడాలు, చీకటి, కర్ణాటక నుంచి కూడా తరలివచ్చే జనం. ఆ తోపులాటలో ఒకడి తల పగిలితే పది గజాల దూరంలోని కానిస్టేబులుకు కూడా తెలియదు.

అందుకే ఇటీవలి ఏళ్లలో పోలీసులు సీసీ కెమెరాలు, డ్రోన్లు వాడుతున్నారు. తెరపై కనిపించినదాన్ని వైర్‌లెస్‌లో కిందనున్న సిబ్బందికి చేరవేయడమే ఈ ఏర్పాటు సారం. క్షతగాత్రులకు అక్కడే వైద్య శిబిరం ఉంటుంది. పరిస్థితి విషమిస్తే అంబులెన్సులో ఆలూరు లేదా ఆదోని ఆసుపత్రికి తరలిస్తారు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్‌దీ తెరపై చూసి సిబ్బందికి చేరవేసే ఇదే సూత్రం, స్థాయి మాత్రం వేరు. అయితే కెమెరా దెబ్బను చూపుతుందే గానీ ఆపదు. పైగా గాయపడిన వారిలో చాలామంది శిబిరానికి రాకుండా పసుపు అద్దుకొని మళ్లీ గుంపులో కలిసిపోతారు.